మా బావ పెండ్లాడిన తెల్ల జిల్లేడు

ఒట్టు. తినే జొన్నరొట్టె మీద ఒట్టు, నాకు బువ్వ పెట్టిన లేత్ మిషన్ మీద ఒట్టు, ఉప్పల్ల మా తాత పెట్టిన ఇంటి గడప మీద ఒట్టు. ఇప్పుడు నేను రాసేదంతా నిజం. ఒక్క మాట అటుఇటు అయినా నేనెక్కిన బస్సు చౌరస్తల ఆగి మళ్ల కదలకపోవాలె. ఉప్పల్ చౌరస్తల బస్సెక్కేటోళ్లకు ఎరుక, ఇది ఎంత పెద్ద ఒట్టో. మా గల్లీల నేనొకటి చెప్తే సగం తీసేసి వింటరు. ఈసారి ఏం తియ్యకున్రి. తీసెయ్యాల్సింది ఏమన్న ఉంటే చివర్ల నేనే చెప్త.

జిల్లేడు మీకందరికీ తెలిసిందే. దాన్ని ఎవ్వలు నాటరు, ఎవ్వలు నీళ్లు పొయ్యరు, మేక సుత మూతి పెట్టది. ఎండకాలం బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కాడ బిందెలు ఒకదాన్నొకటి పొడుసుకునే రోజుల్ల సుత, ఏ ఖాళీ ప్లాటుల సూసినా అది మాత్రం మందపాటి ఆకులేసుకొని, నెత్తి మీద చిన్న చిన్న కిరీటాల లెక్క పూలు పెట్టుకొని, పెండ్లికి పిలిస్తే ఇప్పుడే బయలెల్లుత అన్నట్టు తయారై ఉంటది. నిజంగనే పెండ్లి దాకా పోతదని మాత్రం నేను ఎన్నడనుకోలే.

పెండ్లికొడుకు మా బావ. సొంత బావ గాదు. రాష్ట్రం రాకముందు, మెట్రో పిల్లర్ల కోసం రోడ్లు ఇంకా తవ్వకముందు, జనగామ దిక్కు నుంచి వచ్చి నాచారంల మా కంపెనీలనే ఫిట్టరు పనికి కుదిరిండు. మా ఇంటి మీది అర్రల కిరాయికి దిగిండు. ఆయన నన్ను బావా అన్నడు, నేను ఆయనను బావా అన్న. గంతే చుట్టరికం. మాట తక్కువ మనిషి. నట్టు బిగించేటప్పుడు సుత దానికి ఏడ నొప్పి లేస్తదో అన్నట్టు బిగిస్తుండె.

పెండ్లి మాత్రం నిలువలే. రెండుసార్లు కుదిరింది, రెండుసార్లు చెదిరింది. మొదటిసారి తాంబూలాలు మార్చుకున్నంక పిల్ల తండ్రికి సర్కారు నౌకరి పిలగాడు దొరికిండు. రెండోసారి పిల్లనే ఫోన్ చేసి, నాకు ఇంకొకరు నచ్చిన్రు అని ఏడ్చింది. మా బావ ఏం జేసిండు? సెలవు పెట్టి పోయి, ఆ పిల్ల తండ్రిని బతిమాలి ఒప్పించి, ఆ పెండ్లిల పంక్తి పొడుగునా కూర వడ్డించి వచ్చిండు.

"నీకు జరంత అన్న బుద్ధి ఉన్నదా బావా?" అని అడిగిన.

"వంకాయ కూర మంచిగుండె," అన్నడు.

గసొంటి మనిషికి చిల్కానగర్ పిల్ల మీద మనసు వడ్డది. ఆమె హబ్సిగూడల ఒక బట్టల దుకాణం మీది అంతస్తుల బట్టలు కుట్టేది. మా బావ ఒకసారి పాంటు పొడుగైందని అంచు మడత వేయించుకొచ్చిండు. మళ్ల వారం ఇంకో పాంటు. ఇట్ల పోయి పోయి, ఉన్న పాంట్లన్నీ మోకాళ్ల దాకా వచ్చినంక ఆ పిల్లనే అడిగిందట, "ఇగ కొయ్యనీకె బట్ట లేదు, చెప్పాల్సిందేదో చెప్పున్రి," అని. మా బావ చెప్పలేకపోయిండు. నేను పోయి చెప్పిన. ఆ పిల్ల సూది నోట్ల పెట్టుకొనే తల ఊపింది.

ఆమెకు అమ్మ, నాయన లేరు. పెంచిందంతా అవ్వనే. అవ్వ మా బావను నిలబెట్టి, కూసోబెట్టి, ముందటి కెల్లి ఎనుక కెల్లి సూసి, "పిలగాడు మంచోడే, పాంట్లే పొట్టిగున్నయ్," అన్నది. ఖాయమనుకున్నం. అప్పుడు ముహూర్తం కోసం పిలిపించిన అయ్యగారు వేళ్ల మీద లెక్క ఏసుకుంట అడిగిండు.

"ఇంతకుముందు ఎన్నడన్న తాంబూలాలు మార్చుకున్నరా?"

"రెండుసార్లు," అన్నడు మా బావ. అబద్ధం చెప్పుడు రాదు గదా.

"తాంబూలాలు మార్చుకుంటే సగం పెండ్లి అయినట్టే."

"రెండు సగాలు కలిస్తే ఒకటే గదా అయ్యగారు," అన్న నేను.

ఆయన నన్ను పురుగును సూసినట్టు సూసిండు. "లెక్క వేరు, శాస్త్రం వేరు. రెండు పోయినయ్ అంటే ఇది మూడోది. మూడోది నిలువది."

అవ్వ మొకం తెల్లవోయింది. మనవరాలి చెయ్యి పట్టుకొని దగ్గరికి గుంజుకున్నది, అప్పుడే ఎవలో ఎత్కపోతున్నట్టు. "నాకున్నది ఇదొక్కతే అయ్యా. నిలువదంటే నేనెట్ల ఇయ్యాలె?"

"దానికి ఉపాయం ఉన్నది," అన్నడు అయ్యగారు. "మూడో పెండ్లి జిల్లేడు చెట్టుతోని చెయ్యాలె. తెల్ల జిల్లేడు. పుస్తె కట్టినంక, వచ్చే అమావాస్య లోపల చెట్టును మొదలు దాకా కొట్టెయ్యాలె. కీడంత దానితోనే పోతది. ఈ పిల్ల నాలుగోది అయితది, ఇగ ఢోకా లేదు. చెట్టు పోయిందని తెలిసినంకనే ఈమె మెడల పుస్తె."

అందరికీ పాణం లేచొచ్చింది. మా బావ ఒక్కడే అడిగిండు, "కొట్టాల్నా?"

"కొట్టాలె," అన్నడు అయ్యగారు.

మర్నాటి నుంచి మేమిద్దరం నా పాత స్కూటర్ మీద పిల్లను వెదుకుడు మొదలువెట్టినం. జిల్లేళ్లకు కరువా? నాచారం కంపెనీల ప్రహరీల పొంట జిల్లేళ్లు, రైలుపట్టాల పొంట జిల్లేళ్లు. కానీ అన్నీ ఊదా రంగు పూలయ్యే. తెల్లది కావాలంటే దొరకది. పెండ్లి సంబంధాల్ల ఛాయ తక్కువ అని వంక పెట్టేటోళ్లను జిందగీ అంత తిట్టిన, ఇప్పుడు నేనే చెట్టు చెట్టు కాడ బండి ఆపి, "ఛాయ తక్కువున్నది బావా," అనుకుంట తిరుగుతున్న.

తిరిగి తిరిగి చర్లపల్లి దాకా పోయినం. జైలు గోడ అవతల పొదలల్ల తలకాయలు పెట్టి సూస్తుంటె ఒక జవాను కట్టె పట్టుకొని వచ్చిండు.

"ఏం సూస్తున్రు ఇక్కడ?"

"పిల్లను సార్," అన్న నేను.

"జైలు కాడ పిల్లనా?"

"తెల్లగుండాలె సార్. ఇక్కడియన్నీ జర ఊదగున్నయ్."

ఇగ లోపటనే పెడ్తడనుకున్న. మా బావ నెమ్మదిగ మొత్తం కథ చెప్పిండు. జవాను కట్టె చంకల పెట్టుకొని విన్నడు. విన్నంక ఇటూ అటూ సూసి, గొంతు తగ్గించి, "మా బామ్మర్దికి సుత రెండు తప్పినయ్. ఎక్కడన్న దొరికితే, పక్కపొంటి ఇంకొకటి ఉన్నదా సూడున్రి," అన్నడు.

ఊరంత తిరిగొస్తే, పిల్ల మా ఇంటెనుకనే ఉన్నట్టు, ఆఖరుకు అది మా కంపెనీ ఎనుక గోడ నీడలనే దొరికింది. చిల్కానగర్ పొయ్యే అడ్డదారిల ఒక ఖాళీ ప్లాటు, చుట్టూ నడుము ఎత్తు గోడ, ఇరిగిన రాతి కడీలు, సిమెంటు సంచులు. నడుమ తెల్ల జిల్లేడు. నా కంటె జానెడు ఎత్తు. పూలు పాల మీగడ రంగు. మా బావ దాని ముందట నిలబడి, తనకు తెలువకుండనే నెత్తి దువ్వుకున్నడు. అయిపోయినయ్ పెండ్లిసూపులు.

ఆదివారం పొద్దున లగ్గం. ఆడపిల్ల తరఫోళ్లు ఈ తంతు కంట సూడొద్దని అయ్యగారు చెప్పిండు, అవ్వ ఇల్లు కదలలే. మేమిద్దరం, అయ్యగారు, మా కంపెనీ దోస్తులు కొందరు. చెట్టుకు పసుపు బట్ట సుట్టినం, కుంకుమ పెట్టినం. అంత అయినంక అయ్యగారు అడిగిండు, "పిల్లను ఇచ్చేటోడు ఎవలు?"

అందరు నా దిక్కు సూసిన్రు.

చాయ్ తాగేటప్పుడు బామ్మర్దిని, తాళి టైముకు మామనైన. మా బావ కాళ్లు నేనే కడిగిన. కన్యాదానం నేనే చేసిన. జీలకర్ర బెల్లం చిటారు కొమ్మ మీద పెడితే చీమలు ఒప్పుకున్నయ్. తలంబ్రాలు పోస్తే పావురాలు ఆడబిడ్డల లెక్క దిగి దొరికిందంత ఏరుకపోయినయ్. పసుపు కొమ్ము కట్టిన దారం మెత్తటి కొమ్మకు మా బావ ముడేసిండు. గట్టిగ కట్టలే. కొమ్మ ఎదిగితే కోసుకుంటదని సందు విడిసి కట్టిండు. నాకు అప్పుడే అర్థం కావాలె. కాలే. నేను మామ హైరానల ఉన్న, బగారన్నం చాలదని దోస్తులు నన్నే తిడుతున్నరు, పిల్ల తండ్రిని గదా.

కథ ఇక్కడ అయిపోవాలె. అమావాస్య ఇంకా దూరం ఉన్నదని కొట్టుడు ఆపినం. గదే తప్పయింది.

పసుపు, కుంకుమ, పుస్తె కనవడ్డ చెట్టును మన జనం ఊకనే ఇడిసిపెడ్తరా? మొదలు ఆకుకూరలమ్మే ఒకామె గంప దించి దండం పెట్టింది. నన్ను సూసి, "ఏ తల్లి బిడ్డా ఈమె?" అని అడిగింది. నాకు నోరు ఊకుంటదా? "కొత్తగ పెండ్లయింది అవ్వా, మస్తు సల్లటి తల్లి," అన్న. ఒక్క ముక్క అబద్ధం లేదు. మర్నాటికి నిమ్మకాయలు వచ్చినయ్. గాజులు వచ్చినయ్. ఎవలదో తప్పిపోయిన మేక ప్లాటు గోడ పక్కన దొరికిందట, ఇగ సూడున్రి, మంగళవారం నాటికి వరుస కట్టిన్రు. ప్లాటు ఓనరు గోడ పెద్దగ కట్టిద్దామని జేసీబీ తెచ్చుకుంటే, నడిపేటోడు దిగి, చెప్పులిడిసి, మొక్కి, బండి ఎనుకకు తిప్పుకొని పోయిండు. ఓనరు నన్ను పట్టుకున్నడు.

"ఏందన్నా ఇది? నీ బిడ్డను ఇచ్చుకోనీకె నా ప్లాటే దొరికిందా?"

"ఆడిపిల్ల అన్నా. ఏడ పుట్టిందో ఆన్నే చెయ్యాలె గదా," అన్న.

అమావాస్య దగ్గరికొచ్చింది. ఒకనాడు పొద్దుమూకే ఏళకు అవ్వ మా ఇంటికొచ్చింది. పిల్లది కూడా ఎంబడున్నది.

"చెట్టు కొట్టిన్రా?"

"కొడ్తం అవ్వా."

"జల్ది కానియ్యున్రి. నేను సుత మొక్కుకున్న, లగ్గం మంచిగ కావాల్నని. చీర పెడ్తనన్న."

"ఏ తల్లికి అవ్వా?"

"గదే, మీ కంపెనీ ఎనుక ప్లాట్ల కొత్తగ ఎలిసింది సూడు, తెల్ల జిల్లేడు తల్లి."

మా బావకు పొలమారింది. నేను నీళ్లిచ్చి, ఈపు నిమిరి, ఇగ దాచలేక చెప్పిన. "అవ్వా, ఆమె నా బిడ్డ."

అవ్వకు అర్థం కానీకె జర సేపు పట్టింది. అర్థమైనంక గోడకు ఆనుకొని కూసున్నది. "నా మనవరాలి సంసారం సల్లగుండాల్నని నేను మొక్కింది దాని సవతికా?"

పిల్లది కొంగు నోట్ల కుక్కుకున్నది. నవ్వో ఏడుపో తెలువలే. అవ్వది మాత్రం ఏడుపే. కొడితే మొక్కిన తల్లి కోపం. కొట్టకుంటే మూడోది పోలేదు, ఈ పిల్లకు ఎట్ల కట్టాలె పుస్తె? "లగ్గం ఆపుండ్రి," అన్నది అవ్వ లేచి. "నాకు ఇద్దరు తల్లుల నడుమ తిరిగే శక్తి లేదు." మనవరాలి చెయ్యి పట్టుకొని మెట్లు దిగింది. ఆ పిల్ల మెట్టు మెట్టుకు ఎనుకకు సూసుకుంట పోయింది. ఆ పొద్దు మా బావ అన్నం ముంగట పెట్టుకొని, మెతుకులు ఇటు కెల్లి అటు జరుపుకుంట కూసున్నడు.

ఇగ నేనే తెగించిన. తెల్లారంగ, కంపెనీ సైరన్ కాకముందే, గొడ్డలి సంచిల ఏసుకొని ఇద్దరం ప్లాటు గోడ దునికినం. తర్వాత జరిగింది ఇది. మొదటి దెబ్బకు పాలు నల్లా పగిలినట్టు ఎగజిమ్మి మా బావ అంగీ మీద పడ్డయ్, అంగీ గంజి పెట్టినట్టు గట్టిపడి, తర్వాత విప్పితే దానంతట అదే నిలబడ్డది. రెండో దెబ్బకు చెట్టు కూలింది. మొదలు తప్ప ఏం లేదు. చౌరస్తకు పోయి చాయ్ తాగినం. గొడ్డలి మరిచినమని వాపస్ వస్తిమా, చెట్టు ఉన్నది. మొదటి కంటె మూరెడు ఎత్తు. కొత్త పూలు. పుస్తె అదే కొమ్మకు, అదే సందు ఇడిసి. పుస్తె మళ్ల ఎవలు కట్టిన్రు అని అడగకున్రి. ఒట్టు పెట్టుకున్న మనిషిని అట్ల అడుగుడు మర్యాద గాదు.

ఈ సంగతి నేను ఉరికి పోయి అవ్వకు చెప్పిన. అవ్వ అయ్యగారిని పిలిపించింది. ఆయన మళ్ల వేళ్ల మీద లెక్క ఏసిండు. ఆఖరుకు అన్నడు, "మూడోది నిలువదన్నది గదా దోషం? ఇది కొట్టినా నిలిచింది. ఇంత గట్టిగ నిలిచినంక ఇగ దోషమెక్కడిది?"

"అంటే కట్టొచ్చునా?" అన్నది అవ్వ. ఇంకా నమ్మకం లేదు. "పెద్దది బతికే ఉన్నది గదయ్యా. సవతి మీదికి పిల్లనెట్ల తోలాలె?"

అప్పుడు లేచింది చిల్కానగర్ పిల్ల. అంతసేపు గుండీలు కుట్టుకుంట కూసున్నది, దారం పళ్లతోని తెంపి లేచింది. "అవ్వా, గసొంటి సవతి ఎవలకు దొరుకుతది చెప్పు? వండుమనది. కొంగు గుంజది. నల్లా కాడ బిందె జరపది. మొగన్ని ఆమె గడప దాకా పిలిసినా, వారానికొకసారి పిలుస్తదేమో. పోనీ, మనమే పోయి మంచిగ మాట్లాడుకుందాం."

ఆ ఆదివారం అందరం ప్లాటుకు పోయినం. మా దిక్కు పెండ్లైన ఆడిబిడ్డకు తల్లిగారోళ్లు ఒడిబియ్యం పోస్తరు గదా. నేను తండ్రిని, పొయ్యక తప్పుతదా? పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, రవికెగుడ్డ తెచ్చి, పసుపు బట్ట కొంగు పట్టి నా బిడ్డకు ఒడి నింపిన. ఆ పిల్ల కుంకుమ పెట్టి, "అక్కా, పెద్దరికం నీదే. వంట నాది," అన్నది. అవ్వ మొక్కిన చీర కొమ్మల మీద కప్పి, దాని ఆకును మనవరాలి చెంపను నిమిరినట్టు నిమిరి, "ఇద్దరు కొట్లాడకుండ్రి," అన్నది. నెల లోపల లగ్గమైంది. మా బావ కొత్త పాంటు మాత్రం మడమల దాకా ఉండె. ఆమెనే కుట్టింది.

తర్వాత ఉప్పల్ ఉప్పల్ లెక్క లేదు. ఆ ప్లాట్ల ఓనరు అపార్ట్‌మెంట్ కట్టిండు. మూల మీద మాత్రం చెట్టంత జాగ ఇడిసి గోడ వంపు తిప్పిండు, అడిగితే "ఇంజనీరు డిజైన్" అంటడు. రాష్ట్రం వచ్చిన దినం గల్లీలన్నీ గులాల్‌తోని గులాబీ అయినయ్. మా బావ, ఆమె, వాళ్లకు పుట్టిన చిన్నది, అందరు గులాబీ మొకాలతోని వచ్చి నా బిడ్డ ఆకులకు సుత ఇంత పూసిపోయిన్రు. కొన్నాళ్లకు తంగేడును రాష్ట్ర పువ్వు చేసిన్రు. మంచిదే, తంగేడు మంచి పువ్వు. తండ్రిగా నాకు జర బాధయింది, గంతే.

ఇగ ఒట్టు సంగతి. బస్సు ఎక్కేది ఉన్నది నాకు, అందుకని చెప్పాలె.

జవాను నిజం. ఒడిబియ్యం నిజం. అవ్వ సవతికి మొక్కుడు నిజం. మేక సంగతి జనం అన్నది, నాకు తెలువది. చాయ్ తాగిన మాట సుత నిజమే. అబద్ధం ఒకటే, గొడ్డలిది. చెట్టును మేము కొట్టనే లేదు.

ఆ పొద్దు గొడ్డలి మా బావ చేతుల ఉండె. ఎత్తిండు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉన్నది. ఒక ఆకు మీద చారల పురుగు ఒకటి మెల్లగ నడుస్తున్నది, అది ఇంకో ఆకు మీదికి పోయేదాక ఆగుతున్నడేమో అనుకున్న. పురుగు పోయింది. చెయ్యి దిగలే.

"ఏమైంది బావా?"

"పుస్తె కట్టిన గదా," అన్నడు.

నేను గొడ్డలి తీసుకున్న. తీసుకొని నిలబడ్డ. కాళ్లు కడిగి ఇచ్చిన పిల్లను నేనెట్ల కొట్టాలె? గొడ్డలి సంచిల పెట్టి చాయ్ తాగనీకె పోయినం. ఆ చాయ్ మీదనే నేను కూలిన చెట్టును లేపిన, పూలు పూయించిన, పుస్తె మళ్ల కట్టించిన. మా బావ నోరు తెరిసి విన్నడు, చాయ్ సల్లారిపోయింది.

ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవ్వలకు తెలువదనుకున్న. లగ్గం నాడు పంక్తిల వడ్డించుకుంట పెండ్లిపిల్ల నా ఇస్తారి కాడ వంగి, మెల్లగ అన్నది.

"అన్నా, గొడ్డలి కథ మంచిగ కుట్టినవ్, కుట్టు కనవడకుండ."

నేను ముద్ద ఇస్తార్లనే పెట్టి ఆమె దిక్కు సూసిన.

"ఆ పొద్దు అర్జెంటు బట్టలు ఉండె, జల్ది దుకాణానికి పోతున్న. గోడ మీదికెల్లి సూసిన. చెట్టు మీద చెయ్యి లేవనోడు రేపు నా మీద ఏం లేపుతడు అనుకున్న. అవ్వ ఆపినా, అయ్యగారు ఆపినా, ఇగ నేను ఆగేదాన్ని గాదు." అని, నా ఇస్తార్ల ఇంకింత వంకాయ కూర ఏసి ముందటికి పోయింది.

అవ్వ ఇప్పటికీ గట్టిగున్నది. ఆమెకు ఈ ముక్క చెప్పకున్రి. అపార్ట్‌మెంటోళ్లకు ఈ కథ ఆమెనే చెప్తది, మొదటి దెబ్బకే గొడ్డలి రెండు ముక్కలైందని, ఒక ముక్క పోయి చర్లపల్లిల పడ్డదని. గది మాత్రం నేను కల్పించింది గాదు. కావాలంటే ఒట్టు.